రోజుకో గంపెడు మన్ను

నేను చోడవరం కోడలినై వచ్చేనాటికి మా క్రైస్తవ సంఘంలో పదకొండు మంది ఉండేవారు. నాతో పన్నెండు. అవి యాభైల మొదటి రోజులు. అనకాపల్లిలో బస్సెక్కి చోడవరంలో దిగి, నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడుస్తున్న మా ఆయన వెనకాల, ఊరి బయట ఉన్న మా వాళ్ల పేటకు వెళ్లాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. మిషను బోర్డింగు బడిలో ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నాను. చదువుకున్న కోడలట అని పేటలో ఆడవాళ్లందరూ చూడ్డానికి వచ్చారు. ఒకావిడ నా చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ సేతులు ఊడుపులకి పనికొస్తాయేటి?" అంది.

మా అత్త వెంటనే అందుకుంది. "ఊడుపులు నాను నేర్పుతాను. దానికొచ్చింది అది మనకి నేర్పుతాది."

మా ఆయన బజారులో ఒక కొట్టు అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, లాగులు కుట్టేవాడు. మంచి పనివాడు. మాట మాత్రం తక్కువ. ఎందుకు తక్కువో పెళ్లయ్యాక గానీ నాకు తెలియలేదు. ఆయనకు నత్తి. ఇంట్లో మాతో మాట్లాడేటప్పుడు అంతగా కనిపించేది కాదు. నలుగురిలో నోరు విప్పాలంటే మాత్రం మొదటి అక్షరమే గొంతులో అడ్డం పడేది.

మా సంఘం పుట్టుక గురించి చెప్పాలంటే మా అత్త గురించి చెప్పాలి. ఆవిడ వయసులో ఉన్నప్పుడు కాన్పు కష్టమైతే ఎద్దుబండి మీద వేసుకుని మిషను ఆసుపత్రికి తీసుకెళ్లారట. బిడ్డ దక్కలేదు. ఆవిడ దక్కింది. నెలన్నర అక్కడే మంచం మీద ఉంది. రోజూ సాయంకాలం ఒక నర్సమ్మ మంచాల మధ్య నడుస్తూ పాటలు పాడేదట. మా అత్తకు అక్షరం రాదు గానీ ఒకసారి విన్న పాట మర్చిపోయేది కాదు. ఇంటికి వచ్చేటప్పుడు ఆవిడ వెంట తెచ్చుకున్నది ఆ పాటలే. వరిచేలో కలుపు తీస్తూ, చెరుకు ఎండాకు ఒలుస్తూ అవే పాడేది. వరస మాత్రం మార్చేసి, ఊడుపుల పాటల వరసలో పెట్టుకుంది. పక్కన పని చేసేవాళ్లు మొదట పాట అందుకున్నారు. తరవాత, "ఈ పాటలో ఆయనెవులే? ఏటి సేసేడు?" అని అడగడం మొదలుపెట్టారు. తెలిసినంత చెప్పేది. తెలియనిది అడగడానికి ఏడాదికి రెండుసార్లు ఆసుపత్రికి నడిచి వెళ్లి వచ్చేది. అలా అయిదారేళ్లకు కొందరు పోగయ్యారు. అనకాపల్లి నుంచి ఒక పాస్టరయ్య సైకిలు మీద నెలకోసారి రావడం మొదలైంది.

ఆరాధన జరిగేది మా అత్త కూలికి వెళ్లే రైతు గారి గానుగ పాకలో. చెరుకు నరికే రోజుల్లో అక్కడ ఎడ్లు గానుగ చుట్టూ తిరుగుతుండేవి, పెనంలో బెల్లం ఉడుకుతుండేది. అప్పుడు మేం గట్టు మీద కూర్చునేవాళ్లం. మిగతా నెలల్లో పాక ఖాళీ. పైన మసి, కింద బూడిద, నాలుగు పక్కలా మాడిన బెల్లం వాసన. ఆ వాసనకు గండుచీమలు. ప్రార్థనలో కళ్లు మూసుకున్నామంటే చీమ ఎక్కడ కుడుతుందో తెలిసేది కాదు. మా సంఘంలో పొడుగాటి ప్రార్థనలు చేసే అలవాటు అందుకే రాలేదేమో.

నేను వచ్చిన మొదటి ఆదివారం పాస్టరయ్య రాని వారం. ఆయన రాని వారాల్లో వాక్యం చదవాల్సింది మా ఆయన. పేటలో అక్షరం వచ్చినవాడు అప్పటికి ఆయన ఒక్కడే. పాటలు అయ్యాయి. ఆయన లేచి పుస్తకం తెరిచాడు. మొదటి మాటే రాలేదు. మెడ నరాలు ఉబ్బాయి, నుదుట చెమట పట్టింది. అందరూ తలలు వంచుకుని ఓపికగా కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు. వాళ్లకు అది అలవాటే.  ఒక వాక్యం పూర్తయ్యేసరికి బయట ఎండ గడపలోకి వచ్చింది.

మా అత్త లేచింది. కొడుకు చేతిలోని పుస్తకం తీసుకుని తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నువ్వు సదువు."

పాకలో కదలిక పుట్టింది. సంఘంలో పెద్ద ఒక మేస్త్రి. మట్టిగోడలు పెట్టడంలో చుట్టుపక్కల ఆయనంత వాడు లేడు. మా అత్తను అక్క వరసన అప్పా అని పిలిచేవాడు. ఆయన లేచి నిలబడ్డాడు.

"ఇదేటప్పా? ఇంతమంది మగోలం ఉండగా ఆడకూతురు సదవడమేటి? అందులోనూ కొత్త కోడలు. ఊరోలు నవ్వరా?"

"ఊరోలు మనల్ని సూసి ఎప్పుడు నవ్వనేదు గనక?" అంది మా అత్త. "ఒరే తమ్ముడా, నువ్వీ పాకలోకి ఎవుల నోట పాట ఇని వొచ్చేవు? నాను మగోడినేటి?"

మేస్త్రి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ముఖంలో అవమానం ఉంటుందేమోనని భయపడ్డాను. లేదు. బరువు దించుకున్న మనిషిలా ఉన్నాడు. "చ… చదువు" అన్నాడు మెల్లగా. చదివాను. చివరిదాకా ఆగలేదు.

మేస్త్రి మూడు ఆదివారాలు రాలేదు. నాలుగో వారం నేను చదువుతుంటే పాక తడిక బయట ఎవరిదో నీడ కనిపించింది. చదవడం ముగించి పుస్తకం మూయబోతుంటే తడిక అవతల నుంచి ఆయన గొంతు. "కోడలమ్మా, ఆ తప్పిపోయిన గొర్రె ముక్క మరొక్కసారి సదువు."

మళ్లీ చదివాను. ఆ తరవాత ఎన్నో వారాలు ఆయన బయటే నిలబడి విన్నాడు. ఒక ఆదివారం పెద్ద వాన పట్టుకుంటే తప్పక లోపలికి వచ్చాడు. వచ్చినవాడు మరి బయటికి పోలేదు.

ఆ ఏడే ఆడవాళ్లు తమకూ చదువు చెప్పమని అడిగారు. చేలపని ముగించి వచ్చి, పొయ్యి వెలిగించేలోపు ఒక గంట గానుగ పాకలో కూర్చునేవాళ్లం. పలకలు లేవు. పొయ్యి బూడిద నేల మీద పలచగా పరిచి, అందులో వేలితో రాయించేదాన్ని. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని అక్షరం మీద తిప్పేదాన్ని. చెరుకు ఆకు కోతలతో నిండిన ఆ చేతులు మొదట్లో కర్రల్లా బిగుసుకునేవి. మా అత్తకు మాత్రం అక్షరం పట్టుబడలేదు. "నా బుర్రంతా పాటలతో నిండిపోయింది. అచ్చరాలకి సోటు నేదు" అనేది.

రెండేళ్లకు మేం పాతిక మందిమి అయ్యాం. అప్పుడు వచ్చింది చిక్కు. ఒక సాయంకాలం రైతు గారు మా ఇంటికి వచ్చి వీధిలోనే నిలబడ్డారు. ఆయన మా మతం కాదు, మా కులం కాదు. అయినా అన్నేళ్లు పాక వాడుకోనిచ్చారు. మా అత్త బయటికి వెళ్లింది. ఆయన నేల చూస్తూ మాట్లాడారు.

"నాను తప్పు మనిషిని కాను, నీకు తెలుసు. మీరు నలుగురున్నన్నాళ్లూ ఎవులూ ఏటీ అన్నేదు. ఇప్పుడు పాటలు ఊళ్లోకి ఇనబడతన్నాయి. మావోలతో రోజూ తగువే. ఇంక పాక ఇయ్యలేను."

"మరి మేం ఎక్కడికి పోవాల బాబూ?" అంది మా అత్త.

ఆయన పేట చివరి వైపు చెయ్యి చూపించి, "పేట సివర నాది మన్ను తీసిన గొయ్యుంది గదా. అది నాగలికీ పనికిరాదు, పశువుకీ పనికిరాదు. మీకు కావాలంటే కాగితం రాసిస్తాను. పూడ్చుకోండి" అన్నారు.

ఆ గొయ్యి మాకు తెలిసిందే. ఊళ్లో ఇళ్ల గోడలకు తరతరాలుగా మట్టి తవ్వి తవ్వి మిగిల్చిన పల్లం. ఒక కొసన మనిషి నిలువు లోతు. వానాకాలం అంతా నీళ్లు, కప్పలు. మర్నాడు మగవాళ్లంతా వెళ్లి గట్టు మీద నిలబడి చూశారు. ఒకాయన, "ఇది ఇచ్చినట్టా, పొమ్మన్నట్టా?" అన్నాడు. మేస్త్రి గోతిలోకి దిగి, అడుగులు వేసి కొలిచి, పైకి వచ్చాడు.

"మన్ను తీస్తే గొయ్యి అయింది. మన్నేస్తే నేల అవదేటి?" అన్నాడు. "మనిషి రోజుకో గంపెడు. పనికాడి నుంచి వొచ్చేటప్పుడు ఉత్తి గంప తేవొద్దు. వొచ్చే కోతలనాటికి పూడుతాది."

అలాగే చేశాం. కోతలైనప్పటి నుంచి మొదలుపెట్టాం. చేలో పని దిగాక, గట్ల తవ్వకంలో మిగిలిన మట్టో, ఏటి ఇసకో, ఎవరికి దొరికింది వాళ్లు గంపలో వేసుకుని నెత్తిన పెట్టుకుని వచ్చి గోతిలో పోసేవాళ్లు. మా ఆయన మిషను కట్టేసి, బజారు నుంచి వస్తూ దారిలో నింపుకుని తెచ్చేవాడు. నేను అప్పుడు మా పెద్దమ్మాయి కడుపుతో ఉన్నాను. అత్త వద్దంది. సగం గంప తెచ్చేదాన్ని. వానలు పడ్డ నెలల్లో పోసిన మట్టి పోసినట్టే నీళ్లలో కలిసిపోయేది. ఎంత పోసినా కనబడేది కాదు. అప్పుడు ఇద్దరు ముగ్గురు మానేశారు. మిగిలినవాళ్లం మానలేదు. నీళ్లలోకే పోశాం.

ఒక ఉదయం మేస్త్రి మా గుమ్మంలోకి వచ్చాడు. "అప్పా, వారం రోజులై సూస్తన్నాను. సాయంత్రం మనం పోసినదానికంటే తెల్లారేసరికి మన్ను ఎక్కువుంటంది. ఈ పొద్దు బేగి ఎల్లి సూసేను. బజారు ఊడ్సే మనిషి. అదీ పోస్తంది."

ఆవిడ మాకు తెలుసు. తెల్లవారకముందే బజారు వీధులు ఊడ్చేది. మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లలు. వాళ్ల ఇళ్లు మా పేటకు కూడా దూరంగా, కాలవ అవతల ఉండేవి. ఊరు మమ్మల్ని ఎలా దూరం పెట్టేదో, మేం వాళ్లను అలా దూరం పెట్టేవాళ్లం. ఆ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనకాడుతోంది. కానీ అది నిజం.

మా అత్త ఆవిడను పిలిపించి అడిగింది. ఆవిడ దూరంగా నిలబడి చెప్పింది. "సేల నుంచి వొచ్చే బళ్ల సక్రాలకి అంటుకున్న నల్లమన్ను బజారంతా రాల్తాది తల్లీ. దాన్ని సెత్తలో కలపను. ఇడిగా ఎత్తి తెస్తన్నాను. మంచి మన్నే. ఆదివారాలు మీ పాటలు ఇంటన్నాను. మీరందరూ మోస్తన్నారని నానూ మోసేను."

ఆ సాయంకాలం గోతి గట్టు మీద పెద్ద గొడవ. ఆ మన్ను తీసేయాలని రెండిళ్ల వాళ్లు పట్టుబట్టారు. మా అత్త వాళ్ల చేతికి ఒక గంప ఇచ్చింది.

"అయితే ఏరండి. నీ మన్నేదో, నా మన్నేదో, దాని మన్నేదో ఏరి సూపించండి. నానే ఎత్తి పారేస్తాను."

ఎవరూ గోతిలోకి దిగలేదు. ఆవిడ మాత్రం రోజూ తెల్లారేసరికి తన గంప పోసి వెళ్తూనే ఉంది.

మేస్త్రి చెప్పినట్టు ఒక కోతల నుంచి ఇంకో కోతలకు కాదు, మూడు కోతలు పట్టింది నేల తేలడానికి. తరవాత గోడలు. మట్టి నానబెట్టి, గడ్డి కలిపి, కాళ్లతో తొక్కి, మోకాటి ఎత్తు వరస పెట్టి, అది ఆరాక ఇంకో వరస. మూడు వరసలు లేచాక అకాల వాన పడి తూర్పు గోడ మొత్తం కూర్చుండిపోయింది. మేస్త్రి ఆ ముద్ద దగ్గర గొంతుకూర్చుని కాసేపు తల పట్టుకున్నాడు. అది చూసి మేం ఇంక పని ఆగినట్టే అనుకున్నాం. ఆయన లేచి పంచె ఎగ్గట్టి, "మన్ను ఎక్కడికీ పోనేదు. ఇక్కడే ఉంది. తొక్కండి" అన్నాడు. మళ్లీ తొక్కాం. పైన తాటాకు వేశాం. ఎత్తు తక్కువ, పొడుగాటి వాళ్లు వంగి రావాలి. అయినా మాది.

మందిరం తెరిచిన ఆదివారం పాస్టరయ్య వచ్చారు. రైతు గారు లోపలికి రాలేదు గానీ ఒక బెల్లం దిమ్మ పంపించారు. దాన్ని పగలగొట్టి అందరికీ పంచే పని నాది. వరసలో చివర, గుమ్మం దగ్గర, బజారు ఊడ్చే ఆవిడ పిల్లలిద్దరితో కూర్చుని ఉంది. చెయ్యి చాపింది. నేను బెల్లం ముక్క ఆవిడ చేతిలో పెట్టలేదు. జానెడు ఎత్తు నుంచి జారవిడిచాను. అలా చెయ్యాలని అనుకోలేదు. చెయ్యే అలా చేసింది. బజారులో కొట్టువాళ్లు మా చేతుల్లో సరుకు వేసేది అలాగే. ఆవిడ ముక్కను రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకుంది. మా అత్త నన్నే చూస్తోంది. 

ఆడవాళ్ల చదువు ఇప్పుడు మందిరంలోనే. ఆవిడా రావడం మొదలుపెట్టింది. అందరికీ వెనకాల, గోడకు ఆనుకుని తన బూడిద తాను పరుచుకునేది. వారం రోజులయ్యాక ఇంటికి వచ్చే దారిలో మా అత్త అడిగింది.

"ఒసే, అందరి సెయ్యీ పట్టి దిద్దిస్తన్నావు. దానికి మాత్రం దూరం నుంచి నోటితో సెప్తన్నావేటి?"

 "దూరంగా కూకుంది కదా అత్తా" అన్నాను.

"దూరంగా ఎవులు కూకోబెట్టేరు? బెల్లం నాడు నాను సూసేను. సదూకున్నావు, సదివి అందరికీ ఇనిపిస్తన్నావు. నోరు సదివింది. నీ సెయ్యి ఇంకా సదవనేదు."

 మర్నాడు పాఠం మొదలుపెట్టగానే నేరుగా వెనక గోడ దగ్గరికి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ కంగారుపడి జరిగింది. "వొద్దమ్మగారూ, మీరు అక్కడి నుంచి సెప్పండి సాలు."

"అమ్మగారు కాదు. నువ్వు నాకంటే పదేళ్లు పెద్దదానివి. నేను నిన్ను అప్పా అంటాను, నువ్వు నన్ను చెల్లీ అను" అని చెయ్యి పట్టుకున్నాను. చీపురు పట్టీ పట్టీ అరచెయ్యి పగిలి ఉంది. బూడిదలో 'అ' రాయించాను. ముందు వరసలో నలుగురు వెనక్కి తిరిగి చూశారు. ఒకామె లేచి వెళ్లిపోయింది. ఆ అక్షరం పూర్తయ్యేదాకా నేను చెయ్యి వదల్లేదు. ధైర్యం వల్ల కాదు, వదిలితే మళ్లీ పట్టుకోగలనో లేదోనని.

వానలు తగ్గాక ఏటిలో ఆవిడ బాప్తిస్మం తీసుకుంది. అప్పటిదాకా సణుక్కున్న వాళ్లు అప్పుడు బయటపడ్డారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు నెలకోసారి ప్రభువు బల్లలో, అంటే ఏసు జ్ఞాపకంగా అందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడంలో వంతు ఉంటుంది. బల్ల దగ్గర మాకు ఒకటే గ్లాసు. అది మా ఇంటి కంచు గ్లాసు. పాస్టరయ్య ఎండుద్రాక్ష మరిగించిన రసం సీసాలో తెచ్చేవారు. గ్లాసు ఒకరి తరవాత ఒకరికి తిరిగేది.

ఆవిడ మొదటి బల్లకు ముందు రోజు, శనివారం మధ్యాహ్నం పెద్దలు మందిరంలో కూడుకున్నారు. పాస్టరయ్య కూడా ముందే వచ్చారు. మేస్త్రి ఇబ్బందిగా కదిలాడు. "నానేటీ అనను. కానీ ఆ రెండిళ్లోలూ రామంటన్నారు. దానికి ఏరే గ్లాసెడితే ఏటి పోయింది? తాగడం తాగుతాది కదా."

పాస్టరయ్య నిట్టూర్చారు. "ఇప్పుడిప్పుడే సంఘం నిలబడుతోంది. కొంతకాలం నెమ్మదిగా వెళితే మంచిదేమో. చీలిపోతే మళ్లీ కలపడం కష్టం."

ఆడవాళ్లం గోడ వారగా కూర్చున్నాం. మా అత్త మాట్లాడుతుందని చూశాను. ఆవిడ నన్నే చూస్తూ కూర్చుంది. లేచాను.

"అయ్యగారూ, బజారులో టీ హోటల్లో మనకి వేరే గ్లాసు ఉంది. చూరులో గుచ్చి ఉంటుంది. మనమే తీసుకుని, తాగి, కడిగి, మళ్లీ చూరులో పెట్టి రావాలి. మా ఆయన పదేళ్లుగా ఆ హోటలు ముందే కుడుతున్నాడు. ఒక్కరోజు కూడా అక్కడ టీ తాగలేదు. అలాంటి గ్లాసు ఈ కప్పు కింద నేను పెట్టను. ఉన్న గ్లాసు మా ఇంటిది. రెండోది కావాలంటే మీరు తెచ్చుకోండి. అది వచ్చిన రోజు మాది నేను తీసుకుపోతాను."

నా అంతట నేను అంత మాట్లాడడం అదే మొదలు. పాస్టరయ్య పుస్తకం చంకలో పెట్టుకుని లేచి, "ఒకటే గ్లాసు" అన్నారు. అంతే అన్నారు.

ఆదివారం ఆ రెండిళ్ల వాళ్లు రాలేదు. తొమ్మిది మంది తగ్గారు. పాటలో ఆ లోటు బాగా తెలిసింది. గ్లాసు బయలుదేరింది. మా అత్త ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా గుమ్మం దగ్గర, వీధులూడ్చే అప్ప పక్కన కూర్చుంది. ఆవిడ గ్లాసు అందుకుని, ఒక్క చుక్క తాగి, అంచు కొంగుతో తుడవబోయింది. మా అత్త ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. తుడవనివ్వకుండానే గ్లాసు తీసుకుని తాగింది. తరవాత నేను తాగాను. మా ఆయన తాగాడు. మేస్త్రికి ఇచ్చాడు. మేస్త్రి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అందులోకి చూస్తూ ఉండిపోయాడు. పాట ఒక చరణం అయిపోయింది. ఆయన తాగకుండా పక్కవాళ్లకు ఇచ్చేశాడు.

నాకు కోపం వచ్చింది. మా అత్త, "ఉండనీ. గ్లాసు ముట్టుకున్నాడు కదా" అంది.

మరుసటి నెల కూడా ఆయన పట్టుకున్నాడు, చూశాడు, ఇచ్చేశాడు. మూడో నెల తాగాడు. ఎందుకు తాగలేదో, ఎందుకు తాగాడో ఎవరికీ చెప్పలేదు. నేనూ అడగలేదు. వెళ్లిపోయిన రెండిళ్లలో ఒకరు ఏడాది తిరిగాక పిల్ల పెళ్లికి మందిరం కావాలని వచ్చి, అలాగే ఉండిపోయారు. రెండో ఇంటివాళ్లు మళ్లీ రాలేదు. దారిలో ఎదురైతే తల తిప్పుకుని వెళ్లేవారు. ఆ బాధ మాకు ఉండిపోయింది. సంఘం పెరిగిందని చెప్పేటప్పుడు వాళ్లు వెళ్లిపోయిన సంగతి దాచడం నాకు ఇష్టం లేదు.

పెరగడం మాత్రం నిజమే. కాలవ అవతల ఇళ్ల నుంచి ఒకరి వెంట ఒకరు వచ్చారు. దశాబ్దం చివర్లో చోడవరం దగ్గర పంచదార ఫ్యాక్టరీ వస్తోందని పనుల కోసం ఎక్కడెక్కడి వాళ్లో దిగారు. వాళ్లలో మా విశ్వాసం వాళ్లు కొందరు దారి అడుగుతూ వచ్చి చేరారు. తాటాకు కప్పు చాలక పడమటి గోడ తీసి ఇంకో రెండు బారలు పెంచాం. మేస్త్రికి అప్పటికి చూపు మందగించింది. గోడ నిలువు చూడ్డానికి చేత్తో తడిమి చెప్పేవాడు. ఒక్కసారీ తప్పలేదు.

ఆ ఏడే వీధులూడ్చే అప్ప నా దగ్గరికి ఒక మాటతో వచ్చింది. "సెల్లీ, మా సెల్లెలు రోలుగుంట అవతల ఊళ్లో ఉంటంది. ఆళ్లకి దేవుడి మాట ఎవులూ సెప్పనేదు. మనం ఎల్దామా?"

"ఎవరు చెప్తారు?" అన్నాను.

"నువ్వు సదువు, నాను సెప్తాను."

పాస్టరయ్యను అడిగితే, ఇద్దరు ఆడవాళ్లు అంత దూరమా అన్నారు. మా ఆయన తనూ వస్తానన్నాడు. ముగ్గురం ఆదివారం ఆరాధన కాగానే బయలుదేరాం. రోలుగుంట వైపు వెళ్లే బస్సు ఎక్కి, అది దింపిన చోటి నుంచి చెరుకు తోటల మధ్య బండిదారిలో నడిచాం. చెల్లెలి ఇంటి ముందు పశువుల సావిట్లో చాప వేశారు. ఏడుగురు ఆడవాళ్లు, ఒక ముసలాయన. నేను పుస్తకం తెరిచి చోటు వెతుకుతుంటే ఆవిడ చెయ్యి చాపింది.

"ఇలాగియ్యి. నానే సదువుతాను."

ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది. నాలుగు వరుసలకు చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుచోట్ల తప్పు పోయింది. సరిదిద్దబోయి ఊరుకున్నాను. ఆవిడ చెల్లెలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్క ముఖమే చూస్తోంది. ముసలాయన, "సదువు నీకెలాగొచ్చింది?" అని అడిగాడు.

"బూడిదలో రాసి నేర్సుకున్నాను తాతా. మీకూ నేర్పుతాం" అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు దొరకలేదు. పొద్దు కుంకేదాకా నడిచి, దారిలో ఒక చెరుకు బండి వాణ్ని బతిమాలి ఎక్కాం. నా కాళ్లు పొంగిపోయాయి. మర్నాడు కూలికి వెళ్లలేకపోయాను. అయినా రెండు వారాలకోసారి వెళ్లాం. ఏరు పొంగితే ఆగాం, తగ్గగానే వెళ్లాం. ఒకసారి ఆ ఊరివాళ్లు రావద్దని దారికి అడ్డం నిలబడితే, గట్టు మీదే కూర్చుని పాడి వచ్చేశాం. మూడో ఏడు వాళ్లు సొంతానికి ఒక పాక వేసుకున్నారు. అందులో మొదటి ఆదివారం నలభై మంది కూర్చున్నారు. మా అత్తను బండి కట్టించి తీసుకెళ్లాం. ఆవిడ అలవాటుగా వంగి లోపలికి వచ్చి, చాప మీద కూర్చుని, కప్పు వైపు చూసి, "మా మందిరం కంటే మీదే ఎత్తుగా ఉంది" అంది వాళ్లతో.